చెమ్మ లెక్క

బోడుప్పల్ చివర, కంకర తేలిన రోడ్డు.
వాన వెలిసి నాలుగు రోజులైంది.
గోడకింకా ఆ సంగతి తెలియదు.

చెప్పులు గుమ్మం బయట విడిచి
సంచిలోంచి మీటరు తీశాను.
రెండే సూదులు, పాము కోరలంత ఎడం.
వంటింట్లో పన్నెండు. హాల్లో పద్నాలుగు.
దేవుడి గూటి పక్కన పదిహేను.
"అయితే పాసయినట్టేనా?" అన్నాడు ఇంటాయన.
టీవీ వెనక అంటించిన టైల్స్ ఖరీదు కూడా చెప్పాడు,
నేనడగకుండానే.

"బూజంటే, మొన్న దసరాకేగా దులిపించాం?"
అన్నారు సువర్ణగారు.
నిజమే. మన భాషకు ఆ రెండూ ఒకటే:
సాలీడు మూలన అల్లేదీ బూజే,
పచ్చడి జాడీలో తడి గరిటె పెడితే మొలిచేదీ బూజే.
మొదటిదానికి పొడుగు కర్ర చాలు.
రెండోదానికి ముందు ముక్కు కావాలి.

ఆ ముక్కు నాకు ఉస్తాద్ గులాం దస్తగీర్ ఇచ్చాడు.
చాంద్రాయణగుట్టలో ఆయన దగ్గర సున్నాలు కలిపే రోజుల్లో
బీడీ నోట్లోంచి తీయకుండానే అనేవాడు:
"దీవార్ ఝూట్ నై బోల్తీ బేటా, రంగ్ బోల్తా."
గోడ ఎప్పుడూ అబద్ధమాడదు. ఆడేదల్లా రంగే.

పిల్ల గదిలో అడుగు పెట్టగానే తెలిసింది.
బడి సంచిలో వారం మరిచిన టిఫిన్ డబ్బా,
తడిసి, ఆరి, మళ్లీ తడిసిన నోటుపుస్తకం,
ఆ వాసన.
బల్ల మీద నెబులైజర్. దాని మాస్కుకు ఏనుగు తొండం.
"రాత్రి మూడింటికి మొదలవుతుందండీ దగ్గు.
డాక్టరు పావురాలన్నాడు, వల కట్టాం.
దుమ్మన్నాడు, పరుపు మార్చాం."

అల్మరా జరపడానికి ముగ్గురం పట్టాం.
వెనక, నేల నుంచి నడుమెత్తు దాకా,
వేడి నూనెలో ఆవాలు చిట్లి అంటుకున్నట్టు
నల్లటి చుక్కలు, చుక్కల చుట్టూ చుక్కలు.
సూదులు ఆనించానో లేదో మీటరు కీచుమంది.
అంకె నేను చదవలేదు. వాళ్లే చదువుకున్నారు.

మూత తీసి చిన్న గాజు పళ్లెం గది మధ్యలో పెట్టాను,
గంటసేపు గాలిని తిననిస్తే చాలు.
స్నిగ్ధ మోకాళ్ల మీద వంగి చూసింది.
"ఇందులో ఏం మొలుస్తుంది?"
"మీ ఇంట్లో అద్దె కట్టకుండా ఎవరుంటున్నారో, వాళ్లు."
నవ్వబోయి దగ్గింది.

గంట గడవాలి కదా. స్విచ్ బోర్డు కింద
లేచిన పెచ్చును గోటితో ఎత్తాను.
రంగు కింద పుట్టీ, పుట్టీ కింద
పెన్సిలుతో నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి,
చివర సున్నాలో చుక్క.
పుట్టీ సంచుల లెక్కకు
ఆ సున్నా ఈ ఊళ్లో ఒక్కడే పెట్టేవాడు.

ఎనిమిదేళ్ల కిందటి శ్రావణం.
ప్లాస్టరింకా చెమటోడుతోంది,
చెయ్యి ఆనిస్తే కుండలా చల్లగా తగిలింది.
"పొద్దుగాల పార్టీ వస్తున్నరు, ఇయ్యాల్నే తెల్లగ గొట్టెయ్"
అన్నాడు మేస్త్రీ, పోకముందు రెండుసార్లు.
కొట్టాను. ఏడువందల కూలి, పైన చాయ్‌కి యాభై.
ఎంత నున్నగా వచ్చిందో! నాకే ముచ్చటేసి
సెల్లులో ఫొటో తీసుకున్నాను.

పళ్లానికి మూత పెట్టి, టేపు చుట్టి, తారీఖు రాశాను.
రిపోర్టులో కారణం అనే గడి ఉంటుంది.
పైపు, పునాది, పక్క ప్లాటు నీళ్లు,
టిక్కు పెట్టడానికి మూడే.
పునాదికి పెట్టాను. అదీ అబద్ధం కాదు.

"ఎన్నాళ్ల నుంచి ఉండుంటుందండీ ఇది?"
"ఎనిమిదేళ్లు."
"అంత కచ్చితంగా మిషను చెబుతుందా?"

బ్యాటరీ చూస్తున్నట్టు తల వంచి
రెండు సూదుల్నీ నా అరచేతికి ఆనించాను.
అల్మరా వెనకకంటే గట్టిగా మోగింది.